ఎలుకలు పండిన ఏడాది

పదేళ్ల కిందటి మాట. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క ఉంటుంది. ఆ లెక్క కోసం నేనూ ఇద్దరు స్నేహితులూ కాకినాడలో కుంభాభిషేకం అనే చోట బురద ఒడ్డున టెలిస్కోపు పెట్టుకుని కూర్చున్నాం. అంతకు ముందటేడు బురద కనపడనంతగా వాలిన ఉల్లంకి పిట్టలు ఈసారి అక్కడో గుంపు, ఇక్కడో గుంపు. వాటిలో అన్నిటికన్నా తగ్గినవి కర్లూ శాండ్‌పైపర్లు అనే రకం వలస పిట్టలు. కిందికి వంగిన నల్లటి ముక్కు, పిడికెడంత ఒళ్ళు, అరవై గ్రాములకి అటూ ఇటూగా బరువు. ఇంటికొచ్చి కాళ్ళ బురద కూడా కడుక్కోకుండా ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టు రాశాను. రొయ్యల చెరువుల్ని తిట్టాను, కట్టడాల్ని తిట్టాను, మనుషుల్ని మొత్తంగా తిట్టాను. బాగానే షేర్ అయింది.

ఏడాది తిరిగింది. అదే బురద, అవే చెరువులు, ఇంకో రెండు ఎక్కువే. పిట్టలు మాత్రం మళ్ళీ బురదని కప్పేశాయి. నా పాత పోస్టు కిందికి ఎవరో పెద్దమనిషి పనిగట్టుకుని వెళ్ళి ఒక వాక్యం రాసి పెట్టాడు: “ఏమండీ, చెరువులన్నీ పూడ్చేశారా?”

నా దగ్గర జవాబు లేదు. దాన్ని వెతుక్కుంటూ పోయి చివరికి ఎలుకల దగ్గర తేలాను.

ముందే చెప్పేస్తాను, ఈ వ్యాసం ఒక పోట్లాట. ప్రతి చలికాలమూ పేపర్లలో రెండు వార్తల్లో ఏదో ఒకటి వస్తుంది. ఒకటి, “వలస పక్షులు పెరిగాయి, సంరక్షణ చర్యలు ఫలించాయి.” రెండోది, “వలస పక్షులు ముఖం చాటేశాయి, కాలుష్యమే కారణం.” రెండూ ఒకే ఒక్క ఏడాది లెక్క చూసి రాసినవి. ఈ రెండు వార్తలూ తప్పే అంటాను నేను. ఆ రెండో రకం వార్త ఒకప్పుడు నేనే రాశాను కాబట్టి ఆ మాత్రం అనే హక్కు ఉందనుకుంటున్నాను.

మ్యాపు తెరిచి కాకినాడ మీద వేలు పెట్టి, అటూ ఇటూ తిప్పకుండా తిన్నగా ఉత్తరానికి జరుపుకుంటూ పోండి. ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్, నేపాల్, టిబెట్, చైనా, కజకిస్తాన్ అంచు, ఆ తర్వాత రష్యా, రష్యా, ఇంకా రష్యా. ఆరు వేల కిలోమీటర్లు దాటాక సముద్రం తగిలే చోట వేలు డిక్సన్ అనే రేవు ఊరికి కాస్త పక్కన ఆగుతుంది. అక్కడి నుంచి తూర్పుకి ఉన్నదే తైమీర్ ద్వీపకల్పం. చెట్టన్నది లేని నేల. నాచు, గడ్డి, చీలమండ ఎత్తు కూడా పెరగని విల్లో తీగలు, వాటి మధ్య గుంటల్లో నీళ్ళు. కర్లూ శాండ్‌పైపర్ గూడు పెట్టేది దాదాపుగా సైబీరియా ఆర్కిటిక్ తీరాల్లోనే. అందులో తైమీరే దానికి నడిబొడ్డు. మన బురదలో ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా తిరిగే పిట్ట అక్కడ జూన్, జూలైల్లో ఇటుక రంగు చీర కట్టుకుని వేరే పిట్టలా ఉంటుంది. ఆగస్టులో మన దగ్గర ముందుగా దిగే పెద్ద పిట్టల పొట్ట మీద ఆ ఎరుపు మరకలు మరకలుగా ఇంకా మిగిలి ఉంటుంది. ఎప్పుడైనా చూడండి, వెల్ల వేసిన గోడ మీద పాత రంగు బయటపడ్డట్టు కనిపిస్తుంది.

ఆ నేలలోనే లెమ్మింగ్ ఉంటుంది. బొద్దుగా, కురచ తోకతో, చెవులు బొచ్చులో దాక్కుని ఉండే ఎలుక. తైమీర్‌లో రెండు రకాలున్నాయి. చలికాలంలో మంచు కప్పు కింద సొరంగాలు చేసుకుని, నాచూ గడ్డి దుబ్బులూ కొరుక్కుంటూ బతుకుతాయి. మంచు మెత్తగా, మందంగా ఉంటే ఆ కిందే పిల్లల్ని కూడా పెడతాయి. మూడు వారాలకే ఈత. ఆ పిల్లలు కొన్ని వారాల్లోనే తల్లులవుతాయి. లెక్క ఎలా పేలుతుందో మీరే ఊహించుకోండి. దాదాపు మూడు నాలుగేళ్ళకోసారి నేలంతా లెమ్మింగులే. మరుసటి ఏడాదికి వెతికినా దొరకవు. ఎక్కువ ఏడాదికీ తక్కువ ఏడాదికీ వంద రెట్లకు పైగా తేడా వస్తుంది.

ఇలా ఒక్కసారిగా ఊరి మీద పడే ఎలుకల్ని చూసి పాత కాలం నార్వే వాళ్ళు అవి ఆకాశం నుంచి వర్షంతో పాటు రాలుతాయనుకునేవారు. 1555లో ఓలాస్ మాగ్నస్ అనే స్వీడన్ మతాధికారి తన పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించాడు. మనవాళ్ళు చేపల వాన అంటారు కదా, అలాగన్నమాట. ఇక అవి కట్టకట్టుకుని సముద్రంలో దూకి ఆత్మహత్య చేసుకుంటాయన్నది మన తరం పుక్కిటి పురాణం. 1958లో వచ్చిన ఒక హాలీవుడ్ డాక్యుమెంటరీలో ఆ సీను ఉంది. కెనడాలో సముద్రమే లేని ఆల్బెర్టాలో, తెచ్చిన లెమ్మింగుల్ని తోసి తీసిన సీను అది. ఆస్కార్ కూడా వచ్చింది. ఇప్పటికీ మోటివేషన్ స్పీచుల్లో ఆ కథ వింటూనే ఉన్నాను.

లెమ్మింగులు ఇలా ఎందుకు ఎగసి పడతాయన్న ప్రశ్న చాలామందిని పట్టి పీడించింది. చార్ల్స్ ఎల్టన్ అనే ఆక్స్‌ఫర్డ్ కుర్రాడు 1923లో స్పిట్స్‌బెర్గెన్ యాత్ర నుంచి తిరిగొస్తూ నార్వేలోని ట్రోమ్సోలో ఒక పుస్తకాల షాపులో నార్వే జంతువుల మీద పుస్తకం కొన్నాడు. అందులో లెమ్మింగులు విరగబడిన ఏళ్ళ జాబితా ఉంది. మరుసటి ఏడాదే ఈ ఎగుడుదిగుళ్ళ మీద పెద్ద వ్యాసం రాశాడు. జంతువుల సంఖ్య ఎప్పుడూ నిలకడగా ఉంటుందని, అదే ప్రకృతి సమతౌల్యమని నమ్మే రోజుల్లో అదొక కుదుపు. వంద సంవత్సరాలైంది, కారణం మీద ఇంకా తగువే. మేత అయిపోవడం, వేటాడే జంతువులు, మంచు తీరు, మూడింటికీ పాత్ర ఉంది. గ్రీన్‌లాండ్‌లో మంచు ముంగిస లాంటి స్టోట్ లెమ్మింగుల వెనకాలే ఏడాది ఆలస్యంగా పెరగడమే ఈ ఎగుడుదిగుళ్ళని నడిపిస్తుందని 2003లో ఒక గట్టి పరిశోధన వచ్చింది. మన కథకి ఆ తగువు అక్కర్లేదు. ఎగసి పడతాయన్నది చాలు.

దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు తైమీర్ దాకా పోనక్కర్లేకపోయింది. మా తాతయ్యకి తాళ్ళరేవు దగ్గర రెండెకరాలుండేది. దాళ్వాలో ఎలుకలు ఎక్కువైతే వెదురు బుట్టలు పెట్టేవాళ్ళని పిలిపించి ఎలుకకి ఇంతని ఇచ్చేవాడు. ఎలుకలు పండిన ఏడాది (ఆయన మాట అదే, వరి పండినట్టే ఎలుకలూ పండుతాయి) గట్ల మీద జెర్రిపోతులు బలిసి తిరిగేవి, కరెంటు స్తంభాల మీద గద్దలు కదలకుండా కూర్చునేవి. మా అమ్మమ్మ అప్పుడు కోడిపిల్లల్ని ధైర్యంగా వదిలేది. ఎలుకల పీడ తగ్గి మేమంతా ఊపిరి పీల్చుకున్న తర్వాతే ఆవిడకి టెన్షన్ మొదలయ్యేది. “కడుపు నిండినప్పుడు అది కోడిపిల్ల జోలికి రాదురా. ఇప్పుడొస్తది చూడు” అని గంపలు మూసేది.

తైమీర్‌లో జరిగేది అమ్మమ్మ చెప్పినంతే.

లెమ్మింగులు పండిన వేసవిలో ఆర్కిటిక్ నక్కకి నడుస్తుంటే నోట్లోకి వచ్చి పడతాయి. అది పదికి పైగా పిల్లల్ని కని పెంచుతుంది. తక్కువ ఏడాది అసలు కనదు. మంచు గుడ్లగూబలు వచ్చి వాలతాయి, పొమరీన్ స్కువాలనే వేటాడే సముద్రపు పిట్టలు దిగుతాయి. వీటన్నిటి కడుపూ నిండి ఉంటుంది కాబట్టి, నేల మీద చిన్న గుంటలో నాలుగు గుడ్లు పెట్టుకుని కూర్చున్న పిట్ట జోలికి పెద్దగా ఎవరూ రారు. పైగా గుడ్లగూబ తన గూటి చుట్టుపక్కలకి నక్కని రానివ్వదు. ఈ సంగతి కనిపెట్టి బ్రెంట్ బాతులు గుడ్లగూబ గూటి పక్కనే గూళ్ళు పెట్టుకుంటాయి. రౌడీ ఇంటి పక్క ఇల్లు అద్దెకి తీసుకున్నట్టు.

మరుసటి వేసవి. లెమ్మింగులు పడిపోయాయి. నిరుడు పుట్టిన నక్కలు మాత్రం పెద్దవయ్యాయి, ఆకలితో ఉన్నాయి. తినడానికి దొరికేది గుడ్లు, పిల్లలు. కర్లూ శాండ్‌పైపర్ ఆడపిట్ట ఒక్కతే పొదుగుతుంది. మగపిట్టలు జూలై మొదటికే దక్షిణానికి బయల్దేరిపోతాయి, పొదగడంలో సాయం అన్నది లేదు. సుమారు ఇరవై రోజులు ఒక్కతే ఆ గుంటలో, గడ్డి రంగులో కలిసిపోయి, కదలకుండా. నక్క ముక్కుకి రంగుతో పనేముంది.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. పర్పుల్ శాండ్‌పైపర్ లాంటి కొన్ని ఆర్కిటిక్ ఉల్లంకి పిట్టలు నక్క గూటి దగ్గరికొస్తే ఒక వేషం కడతాయి. వీపు మీది ఈకలు బొచ్చులా పైకి లేపి, రెక్కలు కిందికి వేలాడేసి, ఒళ్ళు వంచి, కీచుకీచుమంటూ నేల మీద వంకరటింకరగా పరిగెడతాయి. అచ్చం ఎలుకలా. నక్క ఎలుక అనుకుని వెంటపడుతుంది. గూటికి చాలా దూరం లాక్కుపోయాక ఎలుక కాస్తా రెక్కలు విప్పుకుని ఎగిరిపోతుంది. సంక్రాంతికి ఊళ్ళోకొచ్చే పగటివేషగాళ్ళు కూడా ఇంత నమ్మకంగా వెయ్యలేరు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆ పిట్ట పరుగు చూస్తే, దాని బతుకు ఎలుకతో ఎంత ముడిపడి ఉందో వేరే చెప్పక్కర్లేదు.

మూడో వేసవికి నక్కలు కూడా చచ్చి తగ్గుతాయి. లెమ్మింగులు మళ్ళీ మెల్లగా పుంజుకుంటాయి. పిట్టలకి అది మధ్యరకం ఏడాది. ఆ తర్వాత మళ్ళీ పంట. అందుకే కేవలం లెమ్మింగులెన్ని ఉన్నాయన్నది చూస్తే సరిపోదు. నిరుటికీ ఈ ఏటికీ మధ్య ఎంత పడ్డాయి, ఎంత లేచాయి అన్నదే పిట్టలకి చావుబతుకుల లెక్క.

ఈ సంగతి తైమీర్‌లో కూర్చుని కనిపెట్టలేదు. అదే నాకు బాగా నచ్చిన భాగం. 1979లో రోజెలార్ అనే డచ్ పక్షిశాస్త్రవేత్త, నెదర్లాండ్స్ మీదుగా పోయే కర్లూ శాండ్‌పైపర్లు కొన్నేళ్ళు ఎక్కువగా, కొన్నేళ్ళు తక్కువగా రావడానికీ సైబీరియా లెమ్మింగులకీ లింకు ఉందని రాశాడు. 1980లలో సమ్మర్స్ అనే ఆయన పశ్చిమ యూరప్‌లో చలికాలం గడిపే బ్రెంట్ బాతుల గుంపుల్లో పిల్ల బాతులు ఎంత శాతమో లెక్కలు చూశాడు. కొన్నేళ్ళు నూటికి నలభై దాకా పిల్లలే. కొన్నేళ్ళు దాదాపు సున్నా. మూడేళ్ళకోసారి అదే వరస. ఆయనతో కలిసిన లెస్ అండర్‌హిల్ ఉన్నది దక్షిణాఫ్రికాలో. కేప్‌టౌన్‌కి పైన లాంగెబాన్ లగూన్‌లో కర్లూ శాండ్‌పైపర్ పిల్లల వంతు కూడా అదే తాళానికి లేస్తూ పడుతూ ఉంది. ఒక చివర ఇంగ్లండ్ తీరంలో బాతు, ఇంకో చివర ఆఫ్రికా కొసన పిట్ట, ఇద్దరినీ ఒకే తాళంలో ఆడిస్తున్నది ఎవరూ చూడని చోట మంచు కింద నాచు కొరుకుతున్న ఎలుక.

ఆ తర్వాత 2002లో స్వీడన్ వాళ్ళ లెక్క వచ్చింది. ఓలాండ్ దీవి దక్షిణం కొసన ఒటెన్‌బీలో 1946 నుంచీ పక్షుల కేంద్రం ఉంది. అక్కడి యాభై ఏళ్ళ పుస్తకాలు తిరగేస్తే, రెడ్ నాట్ అనే ఇంకో ఉల్లంకి పిట్ట, కర్లూ శాండ్‌పైపర్, ఈ రెండిటి పిల్లల సంఖ్య లెమ్మింగుల ఎగుడుదిగుళ్ళని వెన్నంటి నడుస్తోంది. యాభై ఏళ్ళు ఓపిగ్గా రాసినవాళ్ళలో చాలామందికి తాము సైబీరియా ఎలుకల జనాభా లెక్కలు రాస్తున్నామన్న సంగతే తెలీదు.

మరి ఇదంతా తెలిశాక నా పాత పోస్టు పరిస్థితేమిటి? ఆ ఏడాది కాకినాడలో పిట్టలు తగ్గడానికి కారణం లెమ్మింగులే అని నేను రుజువు చెయ్యలేను. కొత్తగా ఇంకో తీర్పు ఇస్తే మళ్ళీ అదే తప్పు చేసినట్టు. గూళ్ళు పెట్టే రోజుల్లో మంచు కురిసినా పిల్లలు చస్తాయి, ఎలుకల ప్రమేయం లేకుండానే. గుంపు ఆ రోజు పక్క దీవి అవతల మేస్తూ ఉండి ఉండొచ్చు. పోటు టైము మేం సరిగ్గా చూసుకోకపోయి ఉండొచ్చు. చెప్పొచ్చేదేమిటంటే, మూడేళ్ళ తాళంలో ఆడే పిట్టని ఒక్క ఏడాది చూసి ‘తగ్గింది’, ‘పెరిగింది’ అనడం, అమావాస్య నాడు ఆకాశం చూసి చంద్రుడు లేడని రాసుకోవడం లాంటిది.

ఈ మాట మొదటిసారి మా బర్డింగ్ మిత్రుల మధ్య అన్నప్పుడు ఒక కుర్రాడు వెంటనే ఎదురడిగాడు. “అయితే ఏంటన్నా, తప్పంతా సైబీరియా నక్కదేనా? ఇక్కడ చెరువులు ఎంతైనా తవ్వుకోవచ్చా?”

మంచి ప్రశ్న. దానికి జవాబు వెతుకుతున్నప్పుడే నా ఆలోచన పూర్తిగా తిరగబడింది.

ఈ పిట్టల బతుకు తీరు చూడండి. ఏటా పిల్లల్ని పెంచలేవు. మూడేళ్ళకో, నాలుగేళ్ళకో ఒక పంట వస్తుంది, ఆ ఒక్క పంటతో వంశం నిలబెట్టుకోవాలి. అంటే పెద్ద పిట్ట ఆ పంట ఏడాది వచ్చేదాకా బతికి ఉండాలి. మధ్యలో రెండేళ్ళు చేతికేమీ రాకపోయినా సరే, ప్రాణం నిలబడితే చాలు. వర్షాధారం రైతుకి ఇది చెప్పక్కర్లేదు. మూడేళ్ళకో మంచి పంట వచ్చే చోట, ఆ మధ్య రెండేళ్ళూ అమ్ముకోకుండా నిలదొక్కుకున్నవాడికే ఆ పంట దక్కుతుంది. మరి ఈ పిట్ట ఆ మధ్య రెండేళ్ళూ ఎక్కడ గడుపుతుంది? టండ్రాలో గడిపేది ఏడాదికి రెండు నెలలు. మిగతా కాలమంతా దారిలోనూ, మన బురదలోనూ. పులికాట్‌లో, కోరింగ మడ అడవుల అంచున, కృష్ణా గోదావరి మొగల్లో.

కాబట్టి ఆ కుర్రాడికి నేనన్నది ఇదీ: పిల్లలు ఎన్ని పుట్టాలో లెమ్మింగు తేలుస్తుంది. పుట్టించగల పెద్దవి ఎన్ని మిగలాలో మనం తేలుస్తాం. రొయ్యల చెరువుని తిట్టిన నా పోస్టులో తప్పు చెరువుని తిట్టడం కాదు. చెరువు చేసే నష్టం మరుసటి జనవరికే కనపడాలని ఎదురుచూడడం. అది అలా కనపడదు. మంచి ఏడాది పిల్లల గుంపులొచ్చి దాన్ని కప్పేస్తాయి. పదిహేనేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, ప్రతి ఎత్తూ అంతకు ముందు ఎత్తు కన్నా కాస్త పొట్టిగా ఉంటుంది. అప్పటికి ‘పెరిగాయి’ అన్న వార్త నాలుగైదు సార్లు వచ్చేసి ఉంటుంది కూడా.

పైగా ఆ పంటలే ఇప్పుడు నమ్మకంగా రావడం లేదు. నార్వేలోని ఫిన్సె దగ్గర 1994 తర్వాత లెమ్మింగులు ఎప్పట్లా పండలేదని, చలికాలం మధ్యలో కరిగి గడ్డకట్టే మంచు వాటి సొరంగాల్ని చెడగొడుతోందని 2008లో పరిశోధకులు చూపించారు. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో 2000 ప్రాంతంలో ఆ తాళమే తప్పిపోయింది, దాంతో మంచు గుడ్లగూబలు గూళ్ళు పెట్టడం దాదాపు మానేశాయి. తైమీర్‌లో తడబడిన లెమ్మింగుల దెబ్బకి బ్రెంట్ బాతుల సంఖ్య కూడా పడిందని 2013లో ఇంకో వ్యాసం. అలాగని ఆర్కిటిక్ అంతటా ఒకటే కథ అనుకోకండి. కొన్ని చోట్ల తాళం ఇంకా బాగానే నడుస్తోంది.

2018లో ఒక పెద్ద వ్యాసం సంచలనం రేపింది. ప్రపంచమంతా 38 వేలకు పైగా గూళ్ళ రికార్డులు పోగేసి, తీరపక్షుల గూళ్ళ మీద దాడులు ఆర్కిటిక్‌లో మూడు రెట్లు పెరిగాయని, వెచ్చబడుతున్న వాతావరణమే కారణమని అన్నారు. మరుసటి ఏడాదే ఇంకో బృందం, పాత రికార్డులు రాసిన పద్ధతికీ కొత్తగా రాసే పద్ధతికీ తేడా ఉంది, ఆ తేడానే పెరుగుదలలా కనపడుతోంది అని అభ్యంతరం చెప్పింది. నేను రెండో పక్షం వైపే కాస్త మొగ్గుతాను. లెక్క పద్ధతి మారితే లెక్క మారడం నా కళ్ళారా చూసినవాణ్ణి కదా.

కానీ అసలు ఈ పిట్టలు అంత దూరం ఎందుకు పోతాయో గుర్తుంచుకోవాలి. కెనడాలో దక్షిణం నుంచి ఉత్తరం దాకా కౌజు గుడ్లతో ఉత్తుత్తి గూళ్ళు పెట్టి చూస్తే, ఒక్కో డిగ్రీ పైకి పోయేకొద్దీ గుడ్లు పోయే ప్రమాదం 3.6 శాతం తగ్గుతూ వచ్చిందని 2010లో తేలింది. వేల కిలోమీటర్లు రెక్కలాడించి ఆ పిట్ట కొనుక్కునేది ఆ కాస్త భద్రతే. నక్కకి వేరే కూడు లేకపోతే ఆ భద్రతా ఉండదు. 2024 అక్టోబరులో కర్లూ శాండ్‌పైపర్‌ని అంతరించే ముప్పును చెప్పే ప్రపంచ రెడ్ లిస్టులో ఇంకో మెట్టు కిందికి, ‘వల్నరబుల్’ (ముప్పు పొంచి ఉన్నది) అనే కోవలోకి దించారు. అందులో ఎలుక వాటా ఎంత, బురద వాటా ఎంత అని ఎవరైనా ఖచ్చితంగా చెబితే నేను నమ్మను.

ఇప్పుడు నేను జనవరి కన్నా మే నెలలో ఎక్కువ వెళ్తున్నాను. చూసేవాళ్ళకి పిచ్చిలా ఉంటుంది. ఎండకి బురద పెచ్చులు లేచి ఉంటుంది, టెలిస్కోపులో అంతా ఆవిరిలా ఊగుతూ ఉంటుంది. పెద్ద పిట్టలన్నీ ఎర్రచీరలు కట్టుకుని ఉత్తరానికి వెళ్ళిపోయి ఉంటాయి. అప్పుడూ నీటి అంచున కొన్ని బూడిద రంగు కర్లూ శాండ్‌పైపర్లు మేస్తూ కనపడతాయి. రంగు మారలేదు, కొవ్వు పట్టలేదు. అవి నిరుటి పిల్లలు. మొదటి వేసవికి చాలా పిల్లలు వెనక్కి పోవు, ఇక్కడే ఉండిపోతాయి. మే, జూన్‌లలో వీటిని లెక్కపెడితే నిరుడు తైమీర్‌లో పంట ఎలా ఉందో కాస్త అంచనా దొరుకుతుంది. లాంగెబాన్‌లో వాళ్ళు చలికాలంలో చేసింది ఇదే. మన వేసవే వాళ్ళకి చలికాలం. మన దగ్గర జనవరిలో వందమంది లెక్కపెడతాం, మే నెలలో ఎవరూ రారు.

కిందటి మేలో వల భుజాన వేసుకుని పోతున్న ఒక ముసలి జాలరి నన్ను చూసి ఆగాడు.

“ఏం బాబూ, పిట్టలన్నీ ఎళ్ళిపోయాయి కదా. ఇంకేం లెక్క?”

“అవిగో తాతా, కొన్ని ఉన్నాయి.”

చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాడు. “ఈటికేమైంది, దెబ్బ తగిలిందా?”

“లేదు తాతా, పిల్లలు. ఈ ఏడు పోవు.”

“ఓహో,” అన్నాడు. కాసేపు చూసి, “అయితే ఇంకో ఏడు మన కూడే అన్నమాట” అని వల సర్దుకుని పడవ వైపు పోయాడు.

నేను నోటుబుక్కులో తేదీ, పోటు టైము రాసి, పెద్దవి, పిల్లలు అని రెండు గడులు గీసి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలెట్టాను. పోటు ఎక్కుతోంది, ఇంకో అరగంటే ఉంది.